23 ఏళ్ళకే ఐవీఎఫ్ అంటున్నరు, మా ఆయన దుబాయ్ పోయేలోపు చేయించుకోవాల్నా?

చెల్లె, ముందుగాల సూటిగ చెప్త, ఆ ఐవీఎఫ్ (అండం, వీర్యకణం బయట కలిపి పిండం చేసి కడుపుల పెట్టుడు) ప్యాకేజీ పైసలు ఇప్పుడే కట్టకు. పుస్తెలతాడు కుదవ పెట్టే పని అసలే వద్దు. ఎందుకో కింద వివరంగ రాస్తున్న, జర పొడుగైతది, ఓపికతోని చదువు, వీలైతే మీ ఆయనకు కూడా చదివి వినిపియ్యి.

నువ్వు రాసింది నాకు అర్థమైన కాడికి ఇది. నీకు 23 ఏళ్ళు, హుజూరాబాద్ దగ్గర ఊరు, పెండ్లయి రెండేండ్ల నాలుగు నెలలు. మీ ఆయన దుబాయ్‌ల పని చేస్తడు, పెండ్లప్పుడు 40 రోజులు ఉన్నడు, పోయినేడు 45 రోజులు వచ్చిండు, ఇప్పుడు 60 రోజుల లీవ్ మీద వచ్చి 25 రోజులు అయిపోయినయ్. హన్మకొండల ఒక సెంటర్‌కు పోతే నీకు రక్తం తీసి ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలినయో చూసే టెస్ట్) 1.6 వచ్చింది, అండాలు అయిపోతున్నయ్, మొగుడు మళ్ళ పోయేలోపు ఐవీఎఫ్ మొదలువెట్టాలె, 1 లక్షా 80 వేలు, ఈ నెలల కడితే డిస్కౌంట్ అన్నరు. నీకు డేట్ 30, 32 రోజులకు కరెక్ట్‌గనే వస్తది. మీ ఆయనకు ఇప్పటిదాకా ఒక్క టెస్ట్ చెయ్యలే. నీ యారాలుకు ఏడాదిలనే కొడుకు పుట్టిండు, అందుకే అత్తమ్మ తొందర పెడుతున్నది.

నేను స్టాఫ్ నర్సును, చానేండ్లు లేబర్ రూముల చేసిన, తర్వాత హన్మకొండలనే పిల్లలు కాని జంటలతోని మాట్లాడే కౌన్సెలింగ్ పని చేసిన. డాక్టర్‌ను కాదు, మందులు రాయను. కానీ ఏ టెస్ట్ ఎప్పుడు చెయ్యాలె, ఏది ముందు ఏది వెనక, ఎక్కడ పైసలు ఉత్తగ పోతయ్ అనేది దగ్గరుండి చూసిన దాన్ని.

మొదటి సంగతి లెక్క. డాక్టర్ల పుస్తకంల పిల్లలు కాకపోవుడు అంటే ఏందంటే, ఏ జాగ్రత్తలు లేకుండ రెగ్యులర్‌గ కలుస్తున్నా 12 నెలల్ల కడుపు రాకపోవుడు, ఆమెకు 35 దాటితే 6 నెలలకే చూపెట్టుకోమంటరు. ఆ 12 నెలలు కాపురం చేసిన నెలలు, లగ్నపత్రిక మీది తారీఖు నుంచి లెక్కపెట్టే నెలలు కాదు. నీ లెక్క చూస్తే 40, 45, 25 కలిపి 110 రోజులు, అంటే మూడున్నర నెలల కంటే కొంచెం ఎక్కువ. అండ్ల ఆషాఢం అని తల్లిగారింటికి పంపిన రోజులు కూడా ఉన్నయని నువ్వే రాసినవ్. అన్నీ తీసేస్తే మీ ఇద్దరికీ కరెక్ట్ రోజుల్ల కలిసే చాన్స్ దొరికింది మహా అయితే మూడో నాలుగో నెలలు. ఏ తేడా లేని జంటకు కూడా ఒక నెలల కడుపు నిలిచే చాన్స్ 20, 25 శాతమే ఉంటది, ఏడాది కలిసి ఉంటే సుమారు 85 మందికి అయితది నూటికి, మిగిలినోళ్ళల్ల సగం మందికి రెండో ఏడు అయితది. మూడు నాలుగు నెలల్ల కాకపోతే నీకు రోగం ఉన్నట్టు కాదు, దుబాయ్ ఫ్లైట్ ఉన్నట్టు. జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చే ఆడపిల్లలల్ల సగం కథ ఇదే, పెండ్లయి నాలుగేండ్లు అంటరు, కూసోబెట్టి అడిగితే కలిసున్నది ఆరు నెలలు ఉండది. ఫైల్ మీద మాత్రం నాలుగేండ్లు అని రాస్తరు, ఆ నాలుగేండ్లు చూసి పెద్ద ట్రీట్‌మెంట్ రాస్తరు. నువ్వు ఏ డాక్టర్ దగ్గరికి పోయినా కూసోంగనే ముందు ఈ సంగతి చెప్పు, వాళ్ళు అడగకున్నా చెప్పు.

ఇగ ఏఎంహెచ్. దీని పేరు మీద మన దగ్గర మస్తు భయం పెడుతున్నరు. ఏఎంహెచ్ అంటే అండాశయాలల్ల ఇంక ఎన్ని అండాలు ఉన్నయో ఒక అంచనా, ఐవీఎఫ్ సూదులు ఇస్తే ఎన్ని అండాలు వస్తయో చెప్పనీకి మంచిగ పనికొస్తది. నీకు నెల తప్పుతదా తప్పదా అని చెప్పనీకి పనికిరాదు. నెలకు విడుదలయ్యేది ఒక్కటే అండం, కడుపుకు కావల్సింది ఆ ఒక్కటే. 2017ల అమెరికాల 30 నుంచి 44 ఏళ్ళ ఆడవాళ్ళ మీద ఒక స్టడీ వచ్చింది, పిల్లలు కాని సమస్య ఇంతకుముందు లేనోళ్ళ మీద, ఏఎంహెచ్ తక్కువున్నోళ్ళకు మామూలుగున్నోళ్ళకు నెల తప్పే చాన్స్‌ల పెద్ద తేడా దొరకలే. వాళ్ళకే అట్లుంటే నీకు 23. అండం క్వాలిటీ వయసును బట్టి ఉంటది, ఆ విషయంల నువ్వు మంచి జాగల ఉన్నవ్. అట్లని అబద్ధం చెప్ప, 1.6 నీ వయసుకు కొంచెం తక్కువే, అందుకే ఇంకో ఐదారేండ్లు చూద్దాం లే అని కూసోకు. కానీ ఈ నెలల్నే కట్టాలె అనేంత ఏమీ లేదు.

ఇంకోటి, రిపోర్టు తీసి యూనిట్ చూడు. ఎన్‌జీ పర్ ఎంఎల్ అని ఉంటే పైన చెప్పింది కరెక్ట్. కొన్ని ల్యాబులు పీమోల్ పర్ లీటర్ అని ఇస్తయ్, రెండింటికీ ఏడు రెట్ల తేడా ఉంటది, అండ్ల 1.6 అంటే నిజంగనే మస్తు తక్కువ, అప్పుడు నా సమాధానం మారుతది, జల్ది చూపెట్టుకోవాలె. ఫ్యామిలీ ప్లానింగ్ మాత్రలు గిట్ల వేసుకుంటుండంగ టెస్ట్ చేస్తే కూడా నంబర్ తగ్గి కనపడుతది. దాంతోపాటు డేట్ వచ్చిన రెండో మూడో రోజు లోపలి స్కాన్ చేసి రెండు దిక్కుల చిన్న చిన్న అండాలు ఎన్ని కనపడుతున్నయో లెక్కపెడుతరు, అది, ఏఎంహెచ్ రెండూ కలిపి చూస్తేనే అర్థం.

ఇప్పుడు అసలు మాట. మీ ఆయన వీర్యం టెస్ట్ ఏది? రెండేండ్ల నుంచి నీకు సూదులు, స్కాన్లు, పసరు మందులు, ఆయనకు మాత్రం ఒక్క డబ్బా టెస్ట్ కూడా లేదు. పిల్లలు కాని జంటలల్ల దగ్గర దగ్గర సగం మందిల మగాయన దిక్కు కూడా ఏదో ఒక లోపం ఉంటది, కొందరికి ఆయన దిక్కే ఉంటది. వందల్ల అయిపోయే టెస్ట్ పెట్టుకుని లక్షల ప్యాకేజీ మాట్లాడిన సెంటర్ మీద నాకైతే నమ్మకం రాదు. నేను చూసిన ఒకామె, ఊరు పేరు వద్దు, ఐదేండ్లు అండం పెరిగే మాత్రలు మింగింది, ట్యూబుల టెస్ట్ రెండు సార్లు చేయించింది, గొడ్రాలు అని మాటలు పడ్డది, ఆఖరుకు ఆయన టెస్ట్ చేస్తే వీర్యకణాల కౌంట్ సున్నా. ఆయన చెడ్డోడు కాదు, ఎవ్వరూ అడగలే, ఆయన సిగ్గుకు పోలే, అంతే.

ఎట్ల చేయించాలె అంటే, కలిసినంక రెండు రోజులకు తక్కువ కాకుండ ఏడు రోజులు దాటకుండ గ్యాప్ ఉండాలె. ల్యాబ్‌లనే రూముల శాంపిల్ ఇచ్చుడు మంచిది. ఆడ ఇబ్బందైతది, కొందరికి ఆ రూముల రాదు, అదేం తప్పు కాదు, అప్పుడు హన్మకొండల ఎవరన్న చుట్టాలింట్ల దిగి తీసుకుని గంటలోపు ల్యాబ్‌ల ఇయ్యొచ్చు, డబ్బా ఒంటి వేడికి తగిలేటట్టు లోపలి జేబుల పెట్టుకోవాలె, ఫ్రిజ్‌ల పెట్టొద్దు. మామూలు నిరోధ్‌ల తీసిన శాంపిల్ పనికిరాదు, దాని మందుకు కణాలు చస్తయ్. మొదటి చుక్క కింద పడితే ఆ సంగతి చెప్పాలె, ఎందుకంటే ఎక్కువ కణాలు ఉండేది మొదటి దాంట్లనే. రిపోర్టుల ఒక ఎంఎల్‌కు 16 మిలియన్లు, కదిలేటియి మొత్తం 42 శాతం, ఆకారం మంచిగున్నయి 4 శాతం, ఇవి 2021ల డబ్ల్యూహెచ్ఓ ఇచ్చిన కింది గీతలు. ఆకారం 4 శాతమేనా అని మగోళ్ళు గాబరా పడుతరు, గంతే ఉంటది అందరికీ. తక్కువ వస్తే ఒక్క రిపోర్టుతోని ఏం తేల్చొద్దు, కణం తయారైనీకి రెండున్నర నెలలు పడుతది కాబట్టి మామూలుగ మూడు నెలలకు మళ్ళ చేస్తరు. కౌంట్ సున్నా వచ్చినా అక్కడితోని అయిపోలే, తొవ్వ మూసుకుపోయిందా, తయారే అయితలేదా అని చూసే టెస్టులు ఉన్నయ్, వృషణాల నుంచి సూదితోని కణాలు తీసే పద్ధతి ఉన్నది.

ఒక పక్క మాట. ఈ మధ్య జిమ్‌కు పోయే పోరగాండ్లు కండలకు టెస్టోస్టిరాన్ సూదులు తీసుకుంటున్నరు, ఊర్లల్ల కూడా శక్తికని సూదులు ఇచ్చేటోళ్ళున్నరు. పైనుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే లోపల కణాల తయారీ పడిపోతది, కొందరికి సున్నా అయితది, బంద్ చేసినంక తిరిగి రానీకి నెలలు పడుతది. మీ ఆయన దుబాయ్‌ల జిమ్‌కు పోతడా, ఏమన్న పౌడర్లు సూదులు తీసుకుంటడా, కొట్లాట పెట్టుకోకుండ అడుగు. గుట్కా, సిగరెట్లు కూడా అడుగు. పెద్దగైనంక గవదబిళ్ళలు వచ్చి కింద వాచిందా, హెర్నియా ఆపరేషన్ అయిందా, అవి కూడా డాక్టర్‌కు చెప్పాలె.

ఇప్పుడు మిగిలిన 35 రోజులు ఎట్ల వాడుకోవాలె. నేనైతే గిట్ల చెప్త. ఆయన ఉన్నప్పుడే కావల్సినవి ఇప్పుడు చెయ్యి, ఆయన లేకున్నా అయ్యేటివి తర్వాత చెయ్యి. ఆయన టెస్ట్ ఈ వారంలనే. అండం విడుదల రోజులల్ల కలుసుడు, అది ఎట్లాగూ ఇప్పుడే. నీకు 30, 32 రోజుల సైకిల్ కాబట్టి డేట్ వచ్చిన రోజును ఒకటి అనుకుంటే 16 నుంచి 18లోపు అండం విడుదలైతది, అంటే 11వ రోజు నుంచి 18 దాకా రోజు విడిచి రోజు కలిస్తే చాలు. కణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతయ్, అండం ఒక్క రోజే, అందుకే ముందటి రోజులే ముఖ్యం. రోజూ కలిసినా నష్టం లేదు. అయినంక కాళ్ళు గోడకు పెట్టి గంట పండుకోవాలె అంటరు, అవసరం లేదు. ఒకటే మాట, ఆ రోజుల్ల ఉపవాసమనో చుట్టాల పెండ్లనో తల్లిగారింటికి పోకు, అత్తమ్మకు కూడా ఈ మాట అర్థమయ్యేటట్టు చెప్పు, మనుమడు కావాల్నంటే కొడుకును కోడలిని ఒక్కకాడ ఉండనియ్యాలె కదా. ఇప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టు.

అండం వచ్చే ట్యూబులు మూసుకున్నయా అని చూసే ఎక్స్‌రే, అదే హెచ్ఎస్‌జీ, ఆయన పోయినంక చేయించుకో. అది డేట్ ఆగినంక, అండం విడుదల కాకముందు చేస్తరు, ఆ నెలల అప్పటిదాకా కలవొద్దని చెప్తరు, కాబట్టి ఆయన దుబాయ్‌ల ఉన్న నెలనే దానికి మంచి టైము, లీవ్ రోజులు ఖరాబు కావు. నొప్పి ఉంటది, కొంతమందికి డేట్ నొప్పి అంత, కొంతమందికి ఎక్కువ, ముందుగాల నొప్పి మాత్ర ఇస్తరు, ఒక్కదానివే పోకు, తోడు తీస్కపో. థైరాయిడ్, ప్రొలాక్టిన్ రక్త పరీక్షలు, అండం విడుదలైందా లేదా అని తర్వాతి డేట్‌కు వారం ముందు చేసే ప్రొజెస్టిరాన్ టెస్ట్, ఇవి కూడా ఆయన లేకున్నా అయితయ్. థైరాయిడ్ లాంటివి సర్కారు దవాఖాన నుంచి రాపిస్తే టీ డయాగ్నస్టిక్స్‌ల ఫ్రీగనే చేస్తరు. వరంగల్ సీకేఎం, హన్మకొండ జీఎంహెచ్ రెండు ప్రసూతి దవాఖానలల్ల గైనిక్ ఓపీ ఉన్నది, లైన్ ఉంటది, అయినా మొదటి మెట్టుకు అవి చాలు.

ట్యూబులు మూసుకున్నయ్ అని వస్తే ఒక ప్రశ్న తప్పకుండ అడగాలె, టీబీ చూసిన్రా అని. మన దేశంల ట్యూబులు చెడిపోనీకి గర్భాశయ టీబీ పెద్ద కారణం, దగ్గు ఉండది, జ్వరం ఉండది, ఒక్కోసారి డేట్ తక్కువ పడుడు తప్ప ఏం తెల్వది. కానీ ఒక్క పీసీఆర్ (క్రిమి జాడ పట్టే ల్యాబ్ టెస్ట్) పాజిటివ్ అని చూసి ఆరు నెలల మందులు మొదలుపెడుతామంటే ఆగి ఇంకో డాక్టర్‌ను అడుగు. నిజంగ టీబీ అయితే మందులు సర్కారు దవాఖానలల్ల ఫ్రీ. ఇంకో సంగతి నువ్వు రాయలే, నేనూ అడగను, కానీ చదివేటోళ్ళందరికీ చెప్తున్న, ఇంతకుముందు ఎప్పుడన్న మెడికల్ షాపుల కడుపు పోయే మాత్రలు కొని మింగి ఉంటే, ఆ తర్వాత జ్వరం, కడుపునొప్పి, వాసన వచ్చే తెల్లబట్ట అయి ఉంటే డాక్టర్‌కు ఒంటరిగ ఉన్నప్పుడు చెప్పున్రి. ఇన్‌ఫెక్షన్‌తోని ట్యూబులు దెబ్బతింటయ్. మొగుడు, అత్త రూముల ఉంటే బయటికి పంపియ్యమని నర్సును అడగొచ్చు, మేము పంపుతం.

ఆయన పోతున్నడు కదా మరెట్ల అని నీ అసలు భయం. ఐవీఎఫ్‌ల కూడా మగాయన పని ఒక్క రోజే, అండాలు తీసే రోజు శాంపిల్ ఇచ్చుడు. దాన్ని ముందే ఫ్రీజ్ చేసి పెట్టొచ్చు. హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటి రక్త పరీక్షలు చేసి, సంతకాలు తీసుకుని, ద్రవ నైట్రోజన్‌ల దాస్తరు, ఏడాదికి ఇంత అని కట్టాలె. కరిగించినంక కొన్ని కణాలు చస్తయ్, కానీ కౌంట్ మంచిగున్నోళ్ళకు సరిపోతయ్. ఆయన రిపోర్టు చూసినంక డాక్టర్‌తోని ఈ మాట మాట్లాడు, పోయేలోపు ఒకటో రెండో శాంపిల్లు దాచిపెట్టి పోతే రేపు ఐయూఐ (వీర్యకణాలను సన్న గొట్టంతోని గర్భసంచీల పెట్టుడు) అయినా ఐవీఎఫ్ అయినా ఆయన టికెట్‌తోని సంబంధం లేదు. ఫ్లైట్ ఉన్నది కాబట్టి ఈ నెలల్నే ఐవీఎఫ్ అనే మాటకు అర్థమే లేకుండ పోతది. దీనికంటే మంచి ఉపాయం ఇంకోటున్నది, వీసా కుదిరితే నువ్వే ఆడికి ఓ ఆరు నెలలు పో, లేకుంటే ఆయన వచ్చే లీవ్ ఇంకొంచెం పొడుగు తీసుకోవాలె. లక్షా 80 వేలతోని అది కూడా అయితది కదా.

నేను ఐవీఎఫ్‌కు వ్యతిరేకం కాదు, మళ్ళ తప్పుగ అనుకోకు. రెండు ట్యూబులు మూసుకుంటే, కౌంట్ మస్తు తక్కువుంటే, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర బయట పెరుగుడు) ముదిరితే 23 ఏళ్ళకైనా అదే కరెక్ట్, అప్పుడు చెట్ల మందులు అనుకుంట నాలుగేండ్లు పాడు చేసుకునుడే తప్పు. ట్యూబుల నీరు నిండి ఉబ్బితే మాత్రం ముందు దాన్ని ఆపరేషన్‌తోని సర్ది తర్వాత పిండం పెట్టాలె, లేకుంటే ఆ నీరు లోపలికొచ్చి పిండం నిలువది. పీసీఓడీ (అండాశయాలల్ల చిన్న చిన్న బుడగలు, అండం టైముకు విడుదల కాకపోవుడు) ఉండి డేట్లు రానోళ్ళకు మొదట లెట్రోజోల్ మాత్రలు, బరువు ఎక్కువుంటే అండ్ల 5 నుంచి 10 శాతం తగ్గుడు, దీంతోనే మస్తు మందికి అయితది. పీసీఓడీ వాళ్ళకు ఐవీఎఫ్ సూదులతోని అండాలు మరీ ఎక్కువ పెరిగి పొట్ట ఉబ్బుడు, ఊపిరి ఆడకపోవుడు, మూత్రం తగ్గుడు అయితే రాత్రి అయినా సరే దవాఖానకు ఉరకాలె. ఇగ ఐవీఎఫ్ గ్యారంటీ కాదు, వయసు 35 లోపు ఉండి మంచి సెంటర్ల చేసినా ఒక్కసారి పిండం పెడితే బిడ్డ చేతికొచ్చేది పది మందిల ముగ్గురు నలుగురికి. 80 శాతం, 90 శాతం అని బోర్డు మీద రాస్తే అది దేని శాతం అని అడుగు, పాజిటివ్ వచ్చినోళ్ళదా, బిడ్డ పుట్టినోళ్ళదా.

సెంటర్ సంగతి. 2021ల ఐవీఎఫ్ లాంటి ట్రీట్‌మెంట్లకు ఏఆర్‌టీ చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ లేకుండ ఏ సెంటర్ చెయ్యొద్దు, నంబర్ అడుగు, గోడ మీద ఉండాలె. ఆమెకు 21 నుంచి 50, ఆయనకు 21 నుంచి 55 లోపే చెయ్యాలె, ఇద్దరి సంతకాలు ఉండాలె. ఏఎంహెచ్ తక్కువ అని చెప్పి వేరే ఆమె అండం పెడుదామని నీ వయసుల ఎవరన్న అంటే లేచి వచ్చెయ్, ఇంకో ఇద్దరికి చూపియ్యకుండ ఒప్పుకోకు. సంతకం పెట్టే కాయితాలు ఇంటికి తీస్కపోయి చదువుకుంటా అను, ఇంగ్లీష్‌ల ఉంటే తెలిసినోళ్ళతోని చదివించుకో. 2025ల సికింద్రాబాద్‌ల ఒక సెంటర్ మీద సరోగసీ (వేరే ఆమె కడుపుల బిడ్డను మోయించుడు) అని చెప్పి వేరేటోళ్ళ బిడ్డను చేతుల పెట్టిన్రని కేసు అయింది, ఆ తల్లిదండ్రులు డీఎన్ఏ టెస్ట్ చేయించుకుంటేనే బయటపడ్డది, పేపర్లల్ల అందరం చూసినం. ఎస్టిమేట్ రాసియ్యమను, సూదులు అండ్ల ఉన్నయా వేరేనా, ఫ్రీజింగ్ ఛార్జీ ఎంత, ఫెయిలైతే రెండోసారికి ఎంత, ఇవి అడిగినందుకు మొఖం మాడ్చుకునే సెంటర్ మనకొద్దు. నిజంగనే ఐవీఎఫ్ అవసరం పడి పైసలు లేకపోతే సికింద్రాబాద్ గాంధీ దవాఖానల 2023 అక్టోబర్‌ల సర్కారు ఐవీఎఫ్ సెంటర్ మొదలుపెట్టిన్రు, పోయే ముందు ఫోన్ చేసి ఏ రోజు ఏం చూస్తున్నరో కనుక్కుని పో.

అత్తమ్మ మేడారం జాతరకు కన్నెపల్లి కాడ వరం పట్టాలె అన్నది, తడిబట్టలతోని పండుకోవాల్నా అని అడిగినవ్. పట్టు, దాంతోని నష్టం లేదు, మా ఇంట్ల కూడా అమ్మల మొక్కు ఉన్నది. పసరు మాత్రం బంద్ చెయ్యి, అండ్ల ఏం కలుపుతరో ఎవ్వరికీ తెల్వది, రేపు కడుపు నిలిస్తే బిడ్డకు ఏమైతదో తెల్వది. యారాలు మాటలు, ఆడిబిడ్డ మాటలకు నా దగ్గర మందు లేదు, కానీ ఆయన రిపోర్టు చేతిల ఉంటే, అది మంచిగనే వచ్చినా సరే, టెస్టులు ఇద్దరివీ అయినయ్ అన్న ఒక్క మాటతోని నీ ఒక్కదాని మీద వేలు చూపుడు తగ్గుతది. ఆ మాట నువ్వు చెప్పకు, ఆయనతోనే వాళ్ళమ్మకు చెప్పియ్యి.

ఆఖరుకు అడ్వాన్స్ 5 వేలు ఇచ్చినం వాపస్ వస్తదా అన్నవ్. రశీదు వెనక చదువు, ట్రీట్‌మెంట్ మొదలుకాలే కాబట్టి అడుగుడు నీ హక్కు, ఇస్తే తీస్కో, ఇయ్యకపోతే దాని కోసం లక్షా 75 వేలు మళ్ళ కట్టేది అయితే లేదు. స్కాన్, రక్తం రిపోర్టులు మాత్రం ఒరిజినల్స్ తప్పకుండ తీస్కో, అవి నీవి. ఆయన రిపోర్టు వచ్చినంక నంబర్లు ఇక్కడనే రాయి, పేరు, ల్యాబ్ పేరు తీసేసి, యూనిట్లతోని సహా రాయి.